కూపర్ గారి ఊరు వెతుక్కుంటూ: రెండు హాలండ్‌లు, ఇద్దరు వియ్యపురాళ్ళు

మా వియ్యపురాలిది మిషిగన్. మా అబ్బాయి పెళ్ళయిన కొత్తలో ఆవిడకు ‘వదినగారూ’ అనే మాట నేర్పాను. ఇద్దరం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం, మిగతా సంభాషణంతా ఇంగ్లీషులోనే. ఆవిడ పుట్టింటి పేరు కూపర్. పూర్వీకులు నెదర్లాండ్స్‌లోని జీలండ్ ప్రాంతం నుంచి వచ్చారని, న్యూయార్క్ రేవులో వలస వచ్చేవాళ్ళను తనిఖీ చేసిన ఎల్లిస్ దీవిలో అమెరికా గుమాస్తా వాళ్ళ ఇంటిపేరు పలకలేక కూపర్ అని రాసి పడేశాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఊరి పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. ఆ ఊరేదో బతికుండగా తేల్చుకోవాలని ఆవిడకు పట్టుదల పుట్టింది. నేను బందరులో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. పాత దస్తావేజుల దుమ్ము నాకు పడుతుంది కదా అని నన్నూ రమ్మంది. హైదరాబాదులోనే షెంగెన్ వీసా కూడా వేయించుకుని బయల్దేరాను.

క్రితం సెప్టెంబరులో మిషిగన్‌లో నాలుగు రోజులు, నెదర్లాండ్స్‌లో ఎనిమిది రోజులు తిరిగాం. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఆ పంపకం తారుమారైంది. మళ్ళీ వెళ్తే మిషిగన్‌కు ఎనిమిది, నెదర్లాండ్స్‌కు నాలుగు కేటాయిస్తాను.

షికాగో నుంచి హాలండ్ అనే ఊరికి రోజుకు ఒకే ఒక్క రైలు ఉంది. పేరు పేర్ మార్కెట్. తప్పితే మర్నాడే. మేము అందుకున్నాం, కానీ దిగేసరికి రాత్రయింది. అక్కడ బస ముందుగా మాట్లాడుకోవాలి. మే నెలలో ట్యూలిప్ ఉత్సవం జరిగే రోజుల్లో అయితే అసలు వెళ్ళవద్దు, గది దొరికినా అద్దె వింటే కళ్ళు తిరుగుతాయి. సెప్టెంబరులో ఊరు ప్రశాంతంగా ఉంది. నడిబొడ్డున కాలిబాటల కింద వేడినీటి గొట్టాలు వేశారట, చలికాలంలో మంచు దానంతటదే కరిగిపోతుంది. విద్యుత్ కేంద్రం వదిలే వేడినీళ్ళే అవి. వృథాగా పోయేదాన్ని వాడుకోవడం చూస్తే వీళ్ళలో డచ్చి రక్తం ఇంకా ఉందనిపించింది.

ఈ ఊరి పుట్టుక 1847లో. నెదర్లాండ్స్‌లో 1834లో అధికారిక చర్చి నుంచి ఒక వర్గం విడిపోయింది. విడిపోయినవాళ్ళ సభల మీద జరిమానాలు పడ్డాయి. ఆపైన 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. వాన్ రాల్టే అనే బోధకుడు తనవాళ్ళను వెంటబెట్టుకుని మిషిగన్ సరస్సు ఒడ్డున అడవి కొట్టి హాలండ్ కట్టాడు. అదే ఏడాది జీలండ్ వాళ్ళు పక్కనే జీలండ్ అనే ఊరు కట్టుకున్నారు. చుట్టుపక్కల డ్రెంథే, ఓవరైజల్, గ్రాఫ్‌స్కాప్, అన్నీ వెనక వదిలి వచ్చిన ప్రాంతాల పేర్లే. అయోవాలో పెల్లా అనే ఊరినీ అదే సంవత్సరం స్కోల్టే అనే మరో బోధకుడు స్థాపించాడు. మీవాళ్ళు ఆ వైపు వెళ్ళినవాళ్ళయితే ఈ ఖర్చు మీకు అనవసరం.

గాలిమర చూడాలంటే ఒక పూట చాలు. దాని పేరు ద జ్వాన్, అంటే హంస. నిజంగానే నెదర్లాండ్స్ నుంచి 1964లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. చెక్క చెప్పుల దుకాణాల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అసలు పని పత్రాగారాల్లో. హాలండ్‌లో హోప్ కాలేజీలో ఒకటి, గ్రాండ్ ర్యాపిడ్స్‌లో కాల్విన్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో హెరిటేజ్ హాల్ అని మరొకటి. రెండు చోట్లా మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: మీ ముత్తాతలు రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళా, క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళా? వదినగారు తెల్లమొహం వేసింది. ఇక్కడికి వచ్చాక 1857లో వీళ్ళు మళ్ళీ రెండుగా చీలారు. ఏ చర్చి అన్నది తెలియకపోతే ఏ పుస్తకం తెరవాలో చెప్పడం కష్టం. మన దగ్గర ఏ సర్వే నంబరో తెలియకుండా ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) అడిగినట్టే ఉంటుంది. ఇంటి నుంచి బయల్దేరే ముందే ఒక మేనత్తకో పెదనాన్నకో ఫోను చేసి ఇది కనుక్కోండి. మేము అక్కడ కూర్చుని చేశాం, ఒక పూట పోయింది.

పౌరసత్వం కాగితాల మీద ఆవిడ చాలా ఆశ పెట్టుకుంది. ఆ కాలపు కాగితాల్లో నెదర్లాండ్స్ రాజుకు విధేయత వదులుకుంటున్నాను అని ఉంటుంది తప్ప ఊరి పేరు సాధారణంగా ఉండదు. జనాభా లెక్కల్లోనూ పుట్టిన చోటు ‘హాలండ్’, అంతే. మిషిగన్‌లోని జీలండ్ ఊరి శ్మశానంలో వాళ్ళ రాయి దొరికింది. డచ్చిలో పుట్టిన తేదీ, పోయిన తేదీ చక్కగా చదవడానికి వీలుగా ఉన్నాయి. ఊరు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం మైక్రోఫిల్మ్ యంత్రం ముందు కూర్చుని చర్చి సభ్యుల పుస్తకం తిప్పుతున్నాం. చేతిరాత నిటారుగా, సిరా అక్కడక్కడ పాకి ఉంది. ఒక వరుసలో ‘పీటర్ కౌపర్’ అని ఉంది. నేను చదివినట్టు రాస్తున్నాను, అసలు అక్షరాలు వేరు. ఆ మాటకు డచ్చిలో పీపాలు కట్టేవాడని అర్థం, ఇంగ్లీషులో దానికే కూపర్ అంటారు. పక్క గడిలో మూడు మాటలు: ‘మెట్ అటెస్టాటీ వాన్’, ఆ తరువాత ఊరి పేరు. అటెస్టాటీ అంటే ఒక చర్చి నుంచి మరొక చర్చికి మారేటప్పుడు ఇచ్చే యోగ్యతాపత్రం. మన బడి మారేటప్పుడు ఇచ్చే టీసీ లాంటిది. టీసీ ఎక్కడి నుంచి తెచ్చాడో రాసుకోని గుమాస్తా ఉండడు కదా! ఊరు బోర్సెల. వదినగారు యంత్రం తెర మీద వేలు పెట్టి ఆ అక్షరాలను రెండుసార్లు తడిమింది. గ్రంథాలయం కనుక గట్టిగా ఏమీ అనలేకపోయింది.

ఎల్లిస్ దీవి కథ కూడా అక్కడే కూలిపోయింది. వీళ్ళు వచ్చింది 1854లో. ఎల్లిస్ దీవి తెరిచింది 1892లో. తెరిచాక కూడా అక్కడి ఉద్యోగులు ఓడ ఎక్కిన రేవులో తయారైన జాబితా చూసి సరిపోల్చుకునేవారు తప్ప కొత్త పేర్లు పెట్టలేదు. పేరు మార్చుకుంది వీళ్ళే, స్థిరపడిన తరువాత, నెమ్మదిగా. గుమాస్తా మీద నేరం మోపే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. ముప్ఫై ఏళ్ళు ఆ నిందలు పడ్డదాన్ని కనుక నాకు కాస్త తృప్తి కలిగిన మాట దాచను.

ఊరు తెలిశాక ఆ రాత్రే గదిలో కంప్యూటర్ తెరిచాం. వీ వాస్ వీ అని, అంటే ‘ఎవరు ఎవరు’ అని, నెదర్లాండ్స్ మొత్తానికి ఒక సూచిక ఉంది. జీలండ్ ప్రాంతానికి విడిగా అక్కడి పత్రాగారం వారిదే మరొకటి. రెండింటిలోనూ పేరు పెట్టి వెతకడానికి పైసా కట్టనక్కర లేదు. నెపోలియన్ ఆ దేశాన్ని కలుపుకున్నాక 1811 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు, మూడూ ప్రభుత్వమే నమోదు చేయడం మొదలైంది. ఇంటిపేరు లేనివాళ్ళు ఒకటి ఎంచుకోవాలని ఆజ్ఞ వేసింది కూడా అప్పుడే. ఆ పుస్తకాలు చూసి నాకు అసూయ కలిగింది. మరణ పత్రంలో కూడా తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. పెళ్ళయిన ఆడదాన్ని చచ్చేదాకా పుట్టింటి పేరుతోనే రాస్తారు. అమెరికాలో ఆవిడ కాస్తా ‘శ్రీమతి పీటర్’ అయి మాయమైపోతుంది.

రెండు చిక్కులు ముందే చెప్పాలి. ‘ద’, ‘వాన్’ లాంటి ముక్కలు ఇంటిపేరులో ఉంటే నెదర్లాండ్స్‌లో వాటిని వదిలేసి తరువాతి అక్షరం కింద పెడతారు, అమెరికాలో కలిపి రాస్తారు. రెండోది, పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టడం వాళ్ళ ఆచారం. మనకు కొత్తేమీ కాదు. ఒకే తాతకు పుట్టిన నలుగురు కొడుకుల ఇళ్ళల్లో నలుగురు పీటర్లు తయారయ్యారు. మనం తాత పేరు పెట్టుకుని పిలవలేక ‘చిన్నా’ అంటాం, కాగితాల్లో ఆ సౌకర్యం లేదు. తల్లి పుట్టింటి పేరు చూసే విడదీశాం. పన్నెండయ్యేసరికి 1780ల దాకా వెళ్ళిపోయాం. అప్పటికే విమానం టికెట్లు కొని ఉన్నాం, లేకపోతే ఆవిడ అక్కడితో ఆగేదేమో.

రోటర్‌డామ్‌లో రెండు రాత్రులు హోటల్ న్యూయార్క్‌లో ఉన్నాం. ఒకప్పుడు హాలండ్ అమెరికా ఓడల సంస్థ ప్రధాన కార్యాలయం అది. నది మధ్యలోకి చొచ్చుకువచ్చిన నేల మీద, రెండు గడియారపు బురుజులతో, నీటి టాక్సీ దిగి నాలుగడుగులు వేస్తే చాలు. బస బాగుంది, ఖరీదెక్కువ. వదినగారు కిటికీ దగ్గర నిలబడి ‘మావాళ్ళు ఇక్కడి నుంచే వెళ్ళి ఉంటారు’ అంది. ఆ సంస్థ పుట్టిందే 1873లో, మీవాళ్ళు అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా మిషిగన్‌లో ఉన్నారు వదినగారూ అన్నాను. ఆ పూట నాతో సరిగా మాట్లాడలేదు. 1873 తరువాత వెళ్ళినవాళ్ళ సంతతి అయితే ఆ డబ్బు పెట్టవచ్చు. మిగతావాళ్ళు బయటి నుంచి చూసి కాఫీ తాగి వచ్చేయండి. దగ్గరలోనే 2025లో తెరిచిన ఫెనిక్స్ వలసల మ్యూజియం ఉంది. జనం ఇచ్చిన దాదాపు 2,000 పాత పెట్టెలతో కట్టిన చిక్కుదారి నాకు నచ్చింది.

శాకాహారులకు ఒక మాట. నగరంలో సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస దేశం) వాళ్ళ రోటీ దుకాణాలు వెతుక్కోండి. 1873 నుంచి కలకత్తా రేవులో ఓడ ఎక్కి డచ్చివాళ్ళ తోటల్లో కూలికి వెళ్ళిన మన దేశస్థుల సంతతి వాళ్ళు. పప్పు పొడి పెట్టిన రొట్టె, బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుడు వేపుడు. మూడు పూటలు అవే తిన్నాను.

జీలండ్ ముఖ్యపట్టణం మిడెల్‌బర్గ్‌కు రైల్లో గంటన్నర. మన బ్యాంకు కార్డే ఎక్కేచోట, దిగేచోట తాకిస్తే చాలు, దిగేచోట మరిచిపోతే అసలు ఛార్జీ కన్నా ఎక్కువే కోసుకుంటారు. అక్కడ దిగిన బస పేరు చెప్పను. ఫోటోల్లో ముచ్చటగా ఉంది, మెట్లు మాత్రం నిచ్చెనకు అన్నదమ్ముల్లా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు పాత డచ్చి ఇళ్ళల్లో కింది అంతస్తే అడగాలి. వీధి చివర కొన్న బోలుస్ అనే రొట్టె ఆ కోపం తగ్గించింది. దాల్చినచెక్క, బెల్లపు పాకం లాంటి చక్కెర పట్టించి చుట్టలా చుడతారు. వేళ్ళు అతుక్కుపోతాయి.

ఇక్కడి పత్రాగారం పేరు జేయూస్ ఆర్కీఫ్, 18వ శతాబ్దపు భవంతికి కొత్త కట్టడం కలిపి నడుపుతున్నారు. చదివే గది అన్ని రోజులూ తెరిచి ఉండదు, ముందు చూసుకుని వెళ్ళాలి. మనిషిని నిలబెట్టి విసుక్కోకుండా, అడిగినదానికి మాత్రమే కాక అడగవలసినదానికి కూడా సమాధానం చెప్పారు. వలస వెళ్ళేవాళ్ళ వివరాలతో అప్పటి ప్రభుత్వం జాబితాలు రాయించింది. పేరు, వయసు, వృత్తి, మతం, ఎందుకు వెళ్తున్నారు, ఎక్కడికి, ఆస్తి ఎంత. చివరి గడికి మూడే తరగతులు: ఉన్నవాళ్ళు, అంతంతమాత్రం, లేనివాళ్ళు. పీటర్ కౌపర్, 34 ఏళ్ళు, కూలి. కారణం: బతుకు మెరుగుపడడానికి. తరగతి: లేనివాళ్ళు. ఇంట్లో మాత్రం ఆయన మత స్వేచ్ఛ కోసం పొలాలు వదులుకుని వెళ్ళాడని చెప్పుకుంటున్నారు. వదినగారు ఆ వరుస రాసుకుని, కాగితం మడిచి, సంచిలో పెట్టుకుంది. ‘పీపాలు కట్టేవాడు కూడా కాదన్నమాట’ అంది.

1811కు ముందు వెళ్ళాలంటే చర్చి పుస్తకాలే గతి. 1940 మే 17న మిడెల్‌బర్గ్ మంటల్లో చిక్కుకున్నప్పుడు ఈ ప్రాంతపు బాప్తిస్మ పుస్తకాలు చాలా వరకు బూడిదయ్యాయి. మీవాళ్ళు ఫ్రీస్‌లాండ్ నుంచో ఖెల్డర్‌లాండ్ నుంచో వచ్చి ఉంటే మీ అదృష్టం ఇంకా బాగుండవచ్చు. మాకు దారి అక్కడ మూసుకుపోయింది.

బోర్సెలకు బస్సులు తక్కువ. దగ్గరి పట్టణం హూస్ నుంచి టాక్సీ మాట్లాడుకున్నాం, ఖరీదైనా అదే నయం. సముద్రం నుంచి కట్టలు వేసి రాబట్టిన నేల మీద 1616లో గీత గీసినట్టు కట్టిన ఊరు. మధ్యలో చెట్ల నీడన చతురస్రపు మైదానం, చుట్టూ ఇళ్ళు, ఊరవతల అణు విద్యుత్ కేంద్రం. ఆవిడ నేరుగా శ్మశానానికి దారి తీసింది. గంటసేపు వెతికాం. అన్నీ కొత్త రాళ్ళే. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన మా అవస్థ చూసి ఆగి చెప్పాడు: ఈ దేశంలో సమాధి స్థలం అద్దెకిస్తారు, గడువు తీరాక ఎవరూ డబ్బు కట్టకపోతే తీసేసి మరొకరికి ఇస్తారు. వదినగారు నమ్మలేక మరోసారి అడిగింది. ఆయన మరోసారి అదే చెప్పాడు, కాస్త ఇబ్బందిగా. పాత రాళ్ళు చూడాలని ఈ దేశానికి రావద్దు.

తిరుగు దారిలో ఆవిడ అడిగింది, మీ ఊళ్ళో డచ్చివాళ్ళు ఉండేవారన్నారు కదా, వాళ్ళ సమాధులు ఉన్నాయా అని. ఉన్నాయి. బందరులో వలందపాలెం అని ఒక పేటే ఉంది. వలందులంటే డచ్చివాళ్ళే. వాళ్ళ శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది, 17వ శతాబ్దపు రాళ్ళ మీద వంశచిహ్నాలు చెక్కి ఉన్నాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఛాయలకే తిరిగాను, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. సంక్రాంతికి వస్తానంది. ఆ గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఈలోగా కనుక్కోవాలి.