పాత యుద్ధ మెడల్ ఎవరిదో తేల్చడానికి వార్ గ్రేవ్స్ రికార్డులు: చాలాకాలం వాడాక

పాత సామాన్ల కొట్లలో వెండి తూకానికి అమ్మేసే బ్రిటిష్ వార్ మెడల్‌కి ఒక గొప్ప గుణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని అందుకున్న సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం దాని అంచు మీదే కొట్టి ఉంటాయి. ఆ ఒక్క వరుస పట్టుకుని మనిషిని వెతకడానికి నేను ఎక్కువగా వాడేది, యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. పైసా ఖర్చు లేదు. యుద్ధంలో పోయినవాడి కోసమైతే ముందు చూడాల్సింది ఇదే. బతికి ఇంటికొచ్చినవాడు మాత్రం ఇందులో ఉండడు. ఐదుకి నాలుగు ఇస్తాను.

వెతికే ముందు అంచు సరిగ్గా చదవాలి, సగం పని అక్కడే ఉంది. 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం), పక్కనుంచి ఏటవాలుగా టార్చి వెలుగు ఉంటే చాలు. వెలుగు నేరుగా పడితే వెండి మెరుపులో అక్షరాలు కలిసిపోతాయి. బాగా అరిగిన అంచు మీద పల్చటి కాగితం చుట్టి 2బీ పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అంకెలు పైకి తేలతాయి. చింతపండు, పాలిష్ రెండూ వద్దు, మిగిలిన ఆ కాస్త లోతూ పోతుంది. వర్నియర్ కాలిపర్‌తో వ్యాసం నాలుగు చోట్ల కొలవండి. సుమారు 36 మి.మీ. ఉండాలి. స్పష్టంగా తగ్గితే ఎవరో అంచుకి ఆకురాయి పెట్టి అసలు పేరు చెరిపేసి వేరే పేరు కొట్టి ఉండొచ్చు. అలాంటి దాని మీద శ్రమ దండగ.

అంచు మీద అన్నీ పొడి అక్షరాలే. ఎస్‌పీఆర్ అంటే సాపర్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే సిపాయి), డీవీఆర్ డ్రైవర్, ఎన్‌కే నాయక్. క్యూ.వి.ఓ. ఎస్ అండ్ ఎమ్ అని ఉంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్.

చాలామంది పేరుతో మొదలుపెడతారు, అక్కడే చిక్కుకుంటారు. అప్పలస్వామిని గుమాస్తా ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాసి ఉంటాడో ఊహించలేం. పేరు వదిలేసి సర్వీస్ నంబరు, పటాలం ఇవ్వండి. నంబరొక్కటే చాలదు. అప్పట్లో ఏ పటాలం నంబర్లు ఆ పటాలానివే, కాబట్టి ఒకే నంబరు పదిమందికి ఉండొచ్చు. పేరు ఇవ్వక తప్పకపోతే ఇంటిపేరు గడిలో పెట్టండి. మన సిపాయిలకి ఎక్కువగా ఒకే పేరు నమోదై ఉంటుంది, అది ఆ గడిలోనే కూర్చుంటుంది.

రికార్డు దొరికితే చనిపోయిన తేదీ, సమాధి లేదా స్మారకం పేరు వస్తాయి. అదృష్టం బాగుంటే అదనపు సమాచారంలో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఆ ఊరి పేరు నాటి జిల్లాలతోనే చదవాలి. 1936 దాకా శ్రీకాకుళం, అంటే చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత 1950 దాకా విశాఖపట్నం జిల్లా. గంజాం అని కనబడగానే ఒడిశా అనుకుని వదిలేయకండి. బెజవాడ, కోకనాడ, మసూలిపట్నం స్పెల్లింగులు కూడా దగ్గర పెట్టుకోండి.

మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పోయినవాళ్ల విషయంలో మనసు చివుక్కుమంటుంది. బాస్రా స్మారకం పలకల మీద బ్రిటిష్ వాళ్ల పేర్లు చెక్కారు, మామూలు భారతీయ సిపాయిలకి లెక్క మాత్రమే చెక్కారు. ఈ అసమానతని కమిషన్ 2021 నివేదికలో ఒప్పుకుంది. అందుకే పలక ఫొటో చూసి ఆగిపోకూడదు, వెబ్‌సైట్‌లోని పేర్ల జాబితానే వెతకాలి.

ఏమీ రాకపోతే? మొదటి యుద్ధానికి ఇక్కడ లెక్క 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు. నంబరు, పటాలం సరిగ్గా ఇచ్చినా రాలేదంటే ఆ మనిషి బతికే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడిక దారి ఊరివైపే. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటింటా సైనికుల జ్ఞాపకం ఉంది. మెడల్ పంజాబీ సిపాయిదైతే 2021లో వెబ్‌లో పెట్టడం మొదలైన పంజాబ్ రిజిస్టర్లు చూడండి. లాహోర్ మ్యూజియంలో దొరికిన ఆ పుస్తకాల్లో సుమారు 3,20,000 మంది నమోదై ఉన్నారు, బతికొచ్చినవాళ్లతో సహా.

రెండో ప్రపంచ యుద్ధం మెడళ్లకీ ఇదే పద్ధతి. బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండా ఇచ్చినా, భారతీయులకి ఇచ్చినవాటి మీద పేరు కొట్టారు. బర్మాలో పోయి సమాధి లేనివాళ్ల కోసం తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం చూడాలి. అక్కడ దాదాపు 27,000 పేర్లున్నాయి, కాబట్టి నంబరు లేకుండా దిగకండి.