ట్రెండ్ వెంట పడటమా, కొరత ఉన్న చోటికి వెళ్లడమా: ఏది మేలు?

కెరీర్ గురించి ఎవరినడిగినా సలహా రెండు రకాలుగా వస్తుంది. "ఇప్పుడు ఏది నడుస్తోందో అది నేర్చుకో" అని కొందరు, "ఎక్కడ మనుషులు దొరకట్లేదో అక్కడికి వెళ్లు" అని ఇంకొందరు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ చాలా తేడా ఉంది.

ట్రెండ్ వెంట వెళ్తే పని త్వరగా అవుతుంది, ఆరు నెలలు కష్టపడి నేర్చుకుని ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. చిక్కేమిటంటే మీ కంటపడిన ట్రెండ్ అందరి కంటా పడుతుంది. రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త 1976లో అమెరికా ఇంజినీర్ల గురించి సరిగ్గా ఇదే రాశాడు: జీతాలు బాగున్న ఏడాది పిల్లలు ఎగబడి చేరతారు, నాలుగేళ్లకు అందరూ ఒకేసారి బయటికొస్తారు, జీతాలు పడతాయి, దాంతో చేరేవాళ్లు తగ్గిపోతారు, మళ్లీ నాలుగేళ్లకు కొరత. దీన్ని సాలెగూడు నమూనా అంటారు. పెట్రోలియం ఇంజినీరింగ్ వాళ్లకు ఇది బాగా తెలుసు. 2014 మధ్యలో పీపా ముడిచమురు 100 డాలర్ల పైన ఉండేది, 2016 మొదట్లో 30 డాలర్ల కిందికి పోయింది. మంచి రోజుల్లో చేరినవాళ్లు పట్టా చేతపట్టుకుని వచ్చేసరికి కంపెనీలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్నాయి.

జోస్యాలు చెప్పేవాళ్లు పెద్దవాళ్లైనా అంతే. ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయొచ్చు, ఐదేళ్లలో కంప్యూటరే మెరుగ్గా చూస్తుంది అని కృత్రిమ మేధ (ఏఐ) పరిశోధకుడు జెఫ్రీ హింటన్ 2016లో అన్నాడు. ఆయన మాట నమ్మి ఆ చదువు మానుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే పాపం, ఎందుకంటే చాలా దేశాల్లో ఇప్పటికీ రేడియాలజిస్టులు చాలట్లేదు.

మరి కొరత ఉన్న చోటికి వెళ్తే? ఇది నెమ్మది దారి, గట్టి దారి కూడా, కాకపోతే కొరత ఎందుకొచ్చిందో చూసుకోవాలి. 2030 నాటికి ప్రపంచంలో కోటి మందికి పైగా ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో డాక్టర్ల కొరత ఒక రకం: చదువు పొడవు, సీట్లు తక్కువ, కాబట్టి రెండేళ్లలో ఎవరూ పూడ్చలేరు. వృద్ధుల్ని చూసుకునే కేర్ వర్కర్ల కొరత ఇంకో రకం: జీతం తక్కువ, షిఫ్టులు కష్టం, వచ్చినవాళ్లు నిలవరు. కొరత ఉన్న ఉద్యోగాల జాబితాలో మాత్రం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి! నేను చూసేది ఒక్కటే, ఆ పనికి జీతాలు పెరుగుతున్నాయా లేదా. మనుషులు దొరకట్లేదని ఏళ్ల తరబడి గోల పెడుతూ జీతం మాత్రం కదపని చోట, ఆ డబ్బుకు చేసేవాళ్లు దొరకట్లేదని అర్థం.

ఏ పనివాళ్లకు వీసా ఇస్తామో విదేశాలు చెప్పే వలస జాబితాలు చూసి చదువు ఎంచుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. బ్రిటన్ 2022లో కేర్ వర్కర్లకు తలుపు తీసింది, 2025 జూలైకల్లా విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసింది.

నన్నడిగితే ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఈ రెండిటికన్నా మేలైనది ఇంకోటి ఉంది, చేస్తున్న పనికే దొరకని నైపుణ్యం ఒకటి తగిలించుకోవడం. అకౌంట్స్ తెలిసి డేటా కూడా చూడగలిగినవాడు, నర్సింగ్‌లో ఉండి డయాలసిస్ నేర్చుకున్నావిడ, ఇలాంటివి. మొదటి నుంచి మొదలుపెట్టే టెన్షన్ ఉండదు, ఊహ తప్పినా పాత పని చేతిలోనే ఉంటుంది. ఏది తగిలించుకోవాలో తెలియాలంటే మీకు కావాల్సిన ఉద్యోగానికి ఒక ముప్ఫై ప్రకటనలు పక్కన పెట్టుకుని ఏ నైపుణ్యం ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టండి, విసుగ్గానే ఉంటుంది గానీ వీడియోల్లో చెప్పే "టాప్ టెన్" కన్నా నయం. అదే ప్రకటన నెలల తరబడి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం లెక్కలోంచి తీసేయండి, అక్కడ నిజంగా ఖాళీ లేకపోవచ్చు, ఉన్నా ఎవరూ నిలవట్లేదేమో.

ఇంకా ఏ ఉద్యోగమూ లేనివాళ్లకైతే, నాలుగేళ్లు ఖర్చుపెట్టే ఓపిక ఉంటే శిక్షణ పొడవైన, జీతం పెరుగుతున్న కొరత వైపే నా ఓటు. ట్రెండ్ ఆరు నెలల్లో అందేదైతే ప్రయత్నించండి, పోతే ఆరు నెలలే. నాలుగేళ్ల కోర్సును ట్రెండ్ చూసి ఎంచుకోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.