మున్సిపల్ స్విమ్మింగ్ పూల్: కార్పొరేషనే నడపాలా, లీజుకివ్వాలా?

ఎండలు ముదిరేసరికి చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మా కార్పొరేషన్ పూల్‌ని లీజుకిస్తున్నారట, మంచిదేనా?" స్టాండింగ్ కమిటీ అజెండాలో ఆ అంశం కనబడగానే కాలనీ రెండుగా చీలుతుంది. ప్రైవేటు వాళ్ల చేతికి వెళ్తే తప్ప నీళ్లు శుభ్రంగా ఉండవని కొందరంటారు. జనం సొమ్ముతో కట్టిన పూల్‌ని ఎవరికో ఎలా అప్పజెబుతారని మరికొందరంటారు. రెండూ తీసిపారేయలేని మాటలే. కానీ ఇంకో దారి కూడా ఉంది, నా మొగ్గు దానివైపే.

కార్పొరేషన్ సొంతంగా నడిపితే ఫీజు తక్కువగా ఉంటుంది. చిక్కల్లా మెయింటెనెన్స్‌తోనే. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతున్న పూల్‌లో దాదాపు 4.7 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. ఆ నీళ్లన్నీ రోజుకు నాలుగైదుసార్లు ఫిల్టర్‌లోంచి తిరిగి రావాలి. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మే నెలలో మోటార్ కాలిపోయిందనుకోండి. ఇంజినీర్లలో కింది మెట్టు ఏఈ ఎస్టిమేట్ వేయాలి, ఆయన పైనున్న డీఈ చూడాలి, ఆ పైనున్న ఈఈ సంతకం కావాలి, ఆపైన మంజూరు రావాలి. ఫైలు ఒక టేబుల్ దాటేలోపే నీళ్లు పచ్చబడతాయి. అక్కడ పనిచేసే అవుట్‌సోర్సింగ్ కుర్రాళ్ల తప్పు కాదది. మోటార్ కొనే అధికారం వాళ్లకు లేదు.

అందుకే లీజు మాట రాగానే అందరికీ ఆశగా ఉంటుంది. అజెండాలో అంశం కూడా ముద్దుగా ఉంటుంది: "సదరు ఈతకొలనును మూడేళ్ల కాలపరిమితికి బహిరంగ వేలం ద్వారా లీజుకు ఇచ్చుటకు ఆమోదం కోరడమైనది." కార్పొరేషన్‌కి ఖర్చు పోతుంది, పైగా ఆదాయం వస్తుంది. ఇక అభ్యంతరం దేనికనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది: డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోంది? లీజులో పాటదారు కార్పొరేషన్‌కి కడతాడు. ఎక్కువకు పాడినవాడికే పూల్ దక్కుతుంది. కరెంటు, క్లోరిన్, కోచ్‌లు, లైఫ్‌గార్డుల జీతాలన్నీ కలిపి నెలకు 2 లక్షలు అవుతాయనుకుందాం. దాని మీద లక్ష లీజు. వెయ్యి రూపాయల ఫీజు పెడితే నెలనెలా 300 మంది చేరితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. వేసవి సెలవుల్లో 300 మంది రావచ్చు. బడులు తెరిచాక, వానాకాలంలో, చలికాలంలో ఎక్కణ్ణించి వస్తారు? అప్పుడు అతను చేసేవి మూడే పనులు: ఫీజు పెంచడం, లైఫ్‌గార్డుని తగ్గించడం, సీజన్ అయ్యాక "రిపేర్లు" అని బోర్డు పెట్టి గేటుకు తాళం వేయడం. అతను చెడ్డవాడని కాదు, లెక్క అలాంటిది.

ఆ లెక్కలో ముందు పోయేది ఆడవాళ్ల బ్యాచ్. వచ్చేవాళ్లు తక్కువ, లేడీ కోచ్ జీతం అదనం. ఆ గంటని ప్రైవేటు కోచింగ్‌కి ఇస్తే రెట్టింపు వస్తుంది. ఆ తర్వాత పోయేది పక్క బస్తీ పిల్లల రాయితీ టికెట్. ఊళ్లో డబ్బున్నవాళ్ల పిల్లలకి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పూల్ ఉంది. మున్సిపల్ పూల్ ఎవరి కోసం కట్టారో వాళ్లే గేటు బయట నిలబడాల్సి వస్తే ఆ లీజు ఆదాయం ఎంతైనా నాకు సమ్మతం కాదు. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పురపాలికల పనులుగా చూపిన 18 అంశాల్లో పార్కులు, ఆటస్థలాలు కూడా ఉన్నాయి, వీధిదీపాలతో పాటే. వీధిదీపం మీద లాభం ఎంతొచ్చిందని ఎవరూ అడగరు కదా!

మూడో దారి నిర్వహణ కాంట్రాక్టు. చూడ్డానికి లీజులాగే ఉంటుంది, కానీ డబ్బు వెళ్లే దిక్కు తిరగబడుతుంది. ఇక్కడ కార్పొరేషనే కాంట్రాక్టర్‌కి నెలనెలా కడుతుంది. ఫీజు, టైమింగ్స్, రాయితీలు కౌన్సిల్ నిర్ణయిస్తుంది, టికెట్ డబ్బులు కార్పొరేషన్ ఖాతాకే వెళ్తాయి. కాంట్రాక్టర్ పని నీళ్లు, మోటార్లు, మనుషులు. స్టాండ్‌బై మోటార్ అతనే పెట్టుకోవాలి. పూల్ మూతపడ్డ ప్రతి రోజుకీ బిల్లులో కోత పడుతుంది కాబట్టి తాళం వేస్తే నష్టం అతనికే.

దీనికీ ఒక జబ్బుంది, బిల్లులు పెండింగ్ పడటం. నాలుగు నెలలు డబ్బు రాకపోతే ఏ కాంట్రాక్టరైనా ముందు క్లోరిన్ తగ్గిస్తాడు. అందుకని టికెట్ ఆదాయానికి వేరే ఖాతా తెరిచి, బిల్లు ముందు అందులోంచే చెల్లించేలా, తక్కువ పడింది జనరల్ ఫండ్ నుంచి కలిపేలా తీర్మానంలోనే రాయించాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే మూడో దారి కూడా ఏడాది తిరిగేసరికి మొదటి దారిలాగే తయారవుతుంది.

కాలనీ సంఘాలకు అప్పగించడం పార్కులకైతే బాగుంటుంది, పూల్‌కి వద్దు. ప్రాణాపాయం ఉన్నచోట బాధ్యత జీతం తీసుకునేవాడిదై ఉండాలి. క్రీడా సంఘాలకిస్తే పోటీల ఈతగాళ్లకు మేలు, మామూలు జనానికి మిగిలేది మధ్యాహ్నం ఎండలో ఒక గంట.

మీ ఊళ్లో ఇక లీజు తప్పదనిపించినా పూర్తిగా చేతులెత్తేయకండి. గరిష్ఠ ఫీజు ఎంత, ఏడాదికి కనీసం ఎన్ని రోజులు తెరవాలి, ఆడవాళ్ల బ్యాచ్ ఏ టైముకి, ఒక్కో బ్యాచ్‌కి లైఫ్‌గార్డులు ఎంతమంది అన్నవి టెండర్ షరతుల్లో ఉండాలి. రోజూ చేసే క్లోరిన్, పీహెచ్ పరీక్షల రిజిస్టర్ గేటు దగ్గర అందరికీ కనబడాలి. పాట అయిపోయాక వీటిలో ఒక్కటి కూడా చేర్చడం కుదరదు. కాబట్టి అంశం టేబుల్ అజెండాగా (ముందుగా చెప్పకుండా సమావేశంలో అప్పటికప్పుడు పెట్టేది) హడావిడిగా గట్టెక్కకముందే మీ కార్పొరేటర్‌కి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.