డీ అండ్ డీ రూల్స్ కార్డులు: కండిషన్ కార్డులు బంగారం, డెత్ సేవ్ కార్డు తలనొప్పి

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్) అంటే డైస్ వేసుకుంటూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడుపుకునే ఆట. దాని రూల్స్‌ను కార్డుల మీద వేసిన సెట్టు ఒకటి కొన్నాను. ఆ సెట్టు మొత్తంలో నేను నిజంగా వాడేది కండిషన్ కార్డులే, అంటే పాత్రకు విషం ఎక్కడం, చూపు పోవడం, స్పృహ తప్పడం లాంటి స్థితుల కార్డులు. మిగతావి డబ్బాలో ఉన్నాయో, మా పిన్ని కొడుకు బ్యాగులో ఉన్నాయో ఇప్పుడు అడిగితే చెప్పలేను. యాక్షన్లు, కవర్ (చాటు), ఎంత ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బ లాంటివి ఏ సెట్టు కొన్నా ఉంటాయి. డీఎం (కథ నడిపే డంజియన్ మాస్టర్) తన ముందు నిలబెట్టుకునే స్క్రీన్ లోపలివైపు కూడా అవే ఉంటాయి కాబట్టి వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. కానీ బ్లైండెడ్ నుంచి అన్‌కాన్షస్ దాకా ఆ పదిహేను కార్డుల కోసమైతే మళ్లీ డబ్బులు పెట్టమన్నా పెడతాను.

ఎందుకో అర్థం కావాలంటే మా టేబుల్ సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడమీద గది, ఆదివారం మధ్యాహ్నాలు, ఆడేవాళ్లు ఐదుగురు, డీఎం నేను. ఆట రూల్స్ పుస్తకం, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, ఒక్కటే కాపీ. 320 పేజీల ఇంగ్లిష్ పుస్తకం, దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది నేనొక్కడినే. ఒకతను సెల్ షాపులో పనిచేస్తాడు, ఒకమ్మాయి ఫార్మసీ చదువుతోంది, ఇంకో ఇద్దరు యూనివర్సిటీలో పీజీ. వారమంతా పనులు, పరీక్షలు. ఆదివారం వచ్చి డైస్ వేస్తారు, నవ్వుకుంటారు, పోతారు. వాళ్లను పుస్తకం చదవమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను?

దానివల్ల ఎవరికి విషం ఎక్కినా, ఎవరు భయపడినా, ఎవరు కింద పడినా గుర్తుపెట్టుకోవాల్సింది నేనే. తన టర్న్ వచ్చేసరికి "పాయిజన్డ్" సంగతి ఆడేవాడు మర్చిపోతాడు, డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువ పడ్డదే తీసుకోవడం) లేకుండా డైస్ వేసేస్తాడు, నేను వెనక్కి లాగాలి. ప్రతి రౌండులోనూ ఇదే టెన్షన్. కార్డులు వచ్చాక ఆ పని నా నెత్తి మీద నుంచి దిగిపోయింది. కండిషన్ తగలగానే కార్డు తీసి చేతికిచ్చేస్తాను, అది పోయినప్పుడు వెనక్కి తీసుకుంటాను. కార్డు చేతిలో ఉన్నంతసేపు వాడికి అది గుర్తుంటుంది.

ఇంతవరకూ నేను ఊహించిందే. అసలు ఆశ్చర్యం తర్వాత వచ్చింది.

మేం ఆడే కథ శేషాచలం లాంటి అడవిలో సాగుతుంది. ఎర్రచందనం దుంగలు నరికి దాటించే ముఠా ఒకటి ఉంటుంది. వాళ్ల దగ్గర పెంచుకున్న రేచుకుక్కలుంటాయి. (నిజం రేచుకుక్కలు ఎవరి మాటా వినవనుకోండి, అది వేరే సంగతి.) పుస్తకంలోని తోడేలు లెక్కలే వాటికి పెట్టాను: కరిస్తే స్ట్రెంత్ సేవ్ (బలం లెక్క కలిపి డైస్ వేసి తప్పించుకోవడం) 11 లేదా ఆపైన పడాలి, లేకపోతే కింద పడతారు. మా సెల్ షాపు తమ్ముడి యోధుడు పడ్డాడు. ప్రోన్ (కింద పడి ఉండటం) కార్డు ఇచ్చాను. ఆ కుక్కను పక్కవాళ్లు చంపేశారు, ఇతని టర్న్ వచ్చింది. మామూలుగా అయితే "లేచి కొడతా అన్నా" అంటాడు. ఈసారి కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివాడు.

"అన్నా, దూరం నుంచి ఏసే బాణానికి డిసడ్వాంటేజ్ అని ఉండాది, అది నామీద ఏసేవోనికే కదా?"

అవునన్నాను.

"అయితే నేను లేచేదే లేదు. బండమీద నుంచి వాళ్లు బాణాలేస్తా ఉండారు. ఇట్లే పాక్కుంటా పోతా."

పాకితే ప్రతి అడుగుకూ రెండడుగుల వేగం ఖర్చు. అతని వేగం ముప్పై అంటే పదిహేను అడుగులు. సరిగ్గా రాతి వెనక్కి చేరాడు. ముఠావాళ్లు వేసిన బాణాల్లో ఒక్కటీ తగల్లేదు. నేను చెప్పి చేయించిన ఎత్తు కాదది, పుస్తకం ముట్టుకోని మనిషి కార్డు చదివి సొంతంగా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి కండిషన్ తగిలితే బాధపడటం పోయి, కార్డు తీసుకుని ఇందులో మనకేం పనికొస్తుందా అని చూడటం మొదలుపెట్టారు. లేవడానికి సగం వేగం పోతుందన్న ముక్క పుస్తకంలో కదలికల భాగంలో ఉంటుంది. దాన్ని తెచ్చి ప్రోన్ కార్డు మీదే వేసినందుకు ఈ సెట్టు చేసినవాళ్లను మెచ్చుకోవాలి.

ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు డెత్ సేవ్ కార్డు దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ కార్డు మీద ఉన్నది ఇంతే: హెచ్‌పీ (పాత్రకు మిగిలిన ప్రాణబలం) సున్నాకు పడితే నీ టర్న్ మొదట్లో డీ20 (ఇరవై ముఖాల డైస్) వెయ్యి, 10 లేదా ఆపైన పడితే పాస్, మూడు పాస్‌లైతే ప్రాణం నిలుస్తుంది, మూడు ఫెయిల్‌లైతే చావు. 20 పడితే ఒక హెచ్‌పీతో లేస్తావు, 1 పడితే రెండు ఫెయిల్‌ల కింద లెక్క. అన్నీ సరైనవే, కానీ పుస్తకంలో అదే చోట, అదే హెడ్డింగ్ కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. సున్నా మీద ఉన్నప్పుడు ఏ దెబ్బ తగిలినా ఒక ఫెయిల్, అది క్రిటికల్ (మామూలు కంటే గట్టి దెబ్బ) అయితే రెండు ఫెయిల్‌లు. ఈ రెండూ కార్డులో లేవు. చోటు లేకా? కార్డు వెనక్కి తిప్పండి. నిండా పుర్రె బొమ్మ.

ముఠా స్థావరంలో చివరి పోరు. దొంగ పాత్ర మా పిన్ని కొడుకుది, సున్నాకు పడిపోయాడు. అన్‌కాన్షస్ కార్డు, డెత్ సేవ్ కార్డు రెండూ అతని ముందు పెట్టాను. తన టర్న్‌లో 7 పడింది, ఒక ఫెయిల్. తర్వాత వైద్యం తెలిసిన పాత్ర టర్న్, మా ఫార్మసీ అమ్మాయిది. ఆమె దగ్గర ఒకే ఒక్క స్పెల్ స్లాట్ (మంత్రం వేసే అవకాశం) మిగిలింది. వంగి అతని కార్డు చూసింది. ఒక ఫెయిలే అయింది, 1 పడితే తప్ప వచ్చే టర్న్‌లో కూడా చావడు, స్లాట్ దాచుకుందాం అని లెక్కేసి ముఠా నాయకుడి మీదికి పోయింది. ఆమె చేతిలో ఉన్న సమాచారానికి ఆ లెక్క తప్పు కాదు.

ఆ తర్వాత రేచుకుక్క టర్న్. పక్కనే ఉంది, పడి ఉన్నవాడిని కరిచింది, తగిలింది. స్పృహలేనివాడికి ఐదడుగుల లోపు నుంచి దెబ్బ తగిలితే అది క్రిటికలే. ఇది అన్‌కాన్షస్ కార్డు మీద చక్కగా ఉంది. క్రిటికల్ అంటే రెండు ఫెయిల్‌లు, ముందుది ఒకటి. పాత్ర చచ్చిపోయింది.

"ఇందులో యాడుందన్నా అది?" అని కార్డు నా మొహం ముందు పెట్టాడు.

"పుస్తకంలో ఉందిరా."

"నాకు పుస్తకం ఇచ్చినావా, కార్డు ఇచ్చినావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకం తీసి, పోరాటాల అధ్యాయంలో వెతికి, చదివి వినిపించాను. ఎవరూ చల్లబడలేదు. అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది ఫార్మసీ అమ్మాయికి. "అది తెలిసుంటే నేను స్లాట్ దాచుకునేదాన్నా అన్నా? వాడి చావు నా మెడకు చుట్టుకునింది" అంది. ఆమె మాటలో న్యాయముంది. కార్డు ఊరికే గుర్తుచేసే చీటీ అని నేననుకున్నా, వాళ్లు దాన్ని బట్టి ఎత్తులు వేస్తున్నారు. ముందు నేను సంబరపడింది కూడా దానికే కదా. అలాంటప్పుడు కార్డులో ఒక ముక్క తగ్గితే ఆ ఎత్తే తలకిందులవుతుంది.

చివరికి కుక్క అతన్ని చంపకుండా నోట కరుచుకుని గుహలోకి ఈడ్చుకుపోయిందని కథ మార్చాను. పాత్ర బతికింది గానీ ఆ పోరులో ఉన్న పస పోయింది. ఆ తర్వాత ఒక పాడు అలవాటు కూడా మిగిలింది: నేనేం చెప్పినా "కార్డులో లేదే" అనడం. కోర్టులో స్టాంపు పేపరు చూపించినట్టు కార్డు పైకెత్తడం. కార్డులో లేనిది ఆటలోనే లేదన్న లెక్క. దాన్ని మాన్పించడానికి చాలా ఆదివారాలు పట్టింది. పుస్తకం తియ్యక్కర్లేదని కొన్న కార్డుల వల్లే కొన్నాళ్లు పుస్తకం ఎక్కువగా తియ్యాల్సి వచ్చింది.

మరమ్మతు నేనే చేసుకున్నాను. మొదట పుర్రె నుదుటి మీద పర్మనెంట్ మార్కర్‌తో ఆ రెండు వాక్యాలు తెలుగులో రాశాను. నున్నటి కార్డు, ఎండాకాలం చేతులు, నాలుగు వారాలు తిరగకుండానే చెరిగిపోయింది. 2023 జనవరిలో ఈ ఆట ప్రాథమిక రూల్స్ పత్రం 5.1ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టారు. ఎక్కణ్ణుంచి తీసుకున్నామో పేరు వేస్తే చాలు, తెలుగులో రాసుకుని ప్రింట్ తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అన్‌కాన్షస్, డెత్ సేవ్ రెండూ కలిపి ఒకే కార్డుగా తెలుగులో టైపు చేసి, యూనివర్సిటీ వైపు ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. షాపు అబ్బాయి ప్రింట్ తీస్తూ చదివి "సార్, చచ్చిపోయేదానికి కూడా ఇన్ని రూల్సా" అన్నాడు. ఇప్పుడు మా టేబుల్ మీద తిరిగేది ఆ కార్డే. పుర్రె కార్డు డబ్బాలోకి పోయింది.

పైన పదిహేను కార్డులూ బంగారం అన్నట్టు రాశాను గానీ, పెట్రిఫైడ్ (రాయైపోవడం), డెఫెన్డ్ (చెవుడు) మా దగ్గర ఇంతవరకూ డబ్బా దాటి బయటికి రాలేదు. ఎక్కువగా తిరిగేవి ప్రోన్, పాయిజన్డ్, ఫ్రైటెన్డ్ (భయపడటం), గ్రాపుల్డ్ (ఇంకొకరి పట్టులో చిక్కడం). ఇంకో విసుగు ఏమిటంటే ఒక్కో కండిషన్‌కు ఒక్కటే కార్డు. రేచుకుక్కలు ఒకే రౌండులో ముగ్గురిని పడేస్తే ప్రోన్ కార్డు ఎవరికివ్వాలి? ఫ్యాన్ వేస్తే కార్డులు లేచిపోతాయి, వెయ్యకపోతే మే నెలలో తిరుపతిలో కూర్చోలేం. అందుకని కార్డు మీద డైస్ డబ్బా పెడతాం, అప్పుడు కార్డు కనపడదు. నున్నటి పూత చెమటకు తట్టుకుంటుందని మొదట్లో మురిసిపోయాను. తట్టుకుంటోంది, నిజమే, కానీ ట్యూబ్‌లైట్ కింద మెరిసి సగం అక్షరాలు కనిపించవు.

కొనేముందు ఇంకొకటి చూసుకోండి. నా సెట్టు 2014 రూల్స్‌ది. 2024లో కొత్త హ్యాండ్‌బుక్ వచ్చింది, మా పీజీ పిల్లల్లో ఒకడు దాని కాపీ తెచ్చాడు కూడా. దాంతో ఎగ్జాషన్ (అలసట) కార్డు చిత్తు కాగితమైంది. పాత పద్ధతిలో ఆరు మెట్లకు ఆరు రకాల శిక్షలు. కొత్తదాంట్లో ఒక్కో మెట్టుకు డీ20 మీద 2 తగ్గుతుంది, వేగం ఐదడుగులు తగ్గుతుంది, ఆరో మెట్టుకు చావు మామూలే. గాయాలు మాన్పే హీలింగ్ పోషన్ తాగడం బోనస్ యాక్షన్ (అదే టర్న్‌లో అదనంగా చేసుకునే చిన్న పని) అయింది, గ్రాపుల్ చేసే పద్ధతి కూడా మారింది. మేం ఈ కథ ముగిసేదాకా పాత రూల్స్‌తోనే ఆడదామనుకున్నాం కాబట్టి మాకు ఇబ్బంది లేదు. మీరు కొత్త పుస్తకంతో మొదలుపెడుతుంటే పాత సెట్టు ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఆడేవాళ్లందరూ పుస్తకం చదివినవాళ్లైతే మీకు ఇవి దండగ. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకూ అక్కర్లేదు, తెర మీదే అన్నీ కనిపిస్తాయి. ఒక డీఎం, ఒక పుస్తకం, వారానికొకసారి తీరిక దొరికే నలుగురైదుగురు ఉంటే మాత్రం కండిషన్ కార్డులు కొనొచ్చనే అంటాను. అది కూడా నా టేబుల్ చూసి చెబుతున్న మాటే, మీ పిల్లలు కార్డు చదువుతారో, దాంతో విసురుకుంటారో నాకేం తెలుసు. డెత్ సేవ్ కార్డును మాత్రం మొదటి ఆటకు ముందే పుస్తకం పక్కన పెట్టి చూసుకోండి. రెండో సెట్టు కొనాలనిపిస్తే ఆగండి, ప్రోన్ కార్డుకు నాలుగు జిరాక్సులు తీయిస్తే సరిపోతుంది.