ఎన్‌బీఏ జామ్ టోర్నమెంట్ ఎడిషన్: ఏళ్ల తరబడి ఆడాక చెబుతున్న మాట

ఎన్‌బీఏ జామ్ అనేది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్లతో ఆడే వీడియో గేమ్. ఇందులో గెలవాలంటే ముందు డంక్ (ఎగిరి బంతిని రింగులోకి కొట్టడం) మీద మోజు తగ్గించుకోవాలి. పక్కన కూర్చుని చూసేవాళ్లకి ఈ ఆటంటే గాల్లో పల్టీలు కొట్టి వేసే డంకులు, మంటలంటుకున్న బంతి. రిమోట్ చేతిలో ఉన్నవాడికి మాత్రం అసలు పని డిఫెన్స్‌లో ఉంది. ఇన్నేళ్లు ఆడాక నాకు బలంగా అనిపించేది అదే. బాస్కెట్లు ఎవరైనా వేస్తారు, గెలిచేది ఎదుటివాణ్ని వెయ్యనివ్వనివాడు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మిడ్‌వే కంపెనీ 1993లో దీన్ని ఆర్కేడ్ మెషీన్‌గా, అంటే నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్‌గా తెచ్చింది. తయారు చేసిన బృందానికి పెద్ద మార్క్ టర్మెల్. జట్టుకి ఇద్దరే ఆటగాళ్లు. మూడేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఫౌల్ అనేదే లేదు, ఫ్రీ త్రోలూ లేవు. టోర్నమెంట్ ఎడిషన్ దాని తర్వాత వచ్చింది, ఇళ్లలో ఆడుకునే క్యాసెట్లుగా 1995లో దొరికింది. మా ఇంట్లో ఉన్నది సెగా మెగా డ్రైవ్ అనే టీవీ గేమ్ పెట్టెలో పెట్టే క్యాసెట్. నేను కాలేజీలో ఉండగా మా పెద్దబావ హైదరాబాద్ నుంచి తెచ్చాడు. నర్సాపురం దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ సంక్రాంతికి అందరూ చేరారంటే కనుమ రాత్రి టీవీ ముందు ఇదే నడుస్తుంది. మిగతా ఏడాదంతా మా అబ్బాయీ నేనూ ఆడతాం.

ఇక ఆట సంగతి. ఫౌల్ లేదంటే అర్థం ఏమిటి? తొయ్యొచ్చు. టర్బో (వేగం, బలం పెంచే) బటన్ పట్టుకుని స్టీల్ (బంతి లాక్కునే) బటన్ నొక్కితే మీ ఆటగాడు రెండు చేతులతో ఎదుటివాణ్ని నెట్టేస్తాడు. ఎక్కువసార్లు వాడు కింద పడతాడు, బంతి జారిపోతుంది. కొత్తవాళ్లు టర్బో లేకుండా ఉత్త స్టీల్ నొక్కుతూ బంతి వెంట పరిగెడతారు. అలా దొరికేది చాలా తక్కువ. మా బావ ఇప్పటికీ పిల్లలకి చెప్పేది ఒకటే: "ముందు తొయ్యరా, తర్వాత ఎగురుదువుగాని."

అయితే ఎప్పుడు తొయ్యాలన్నది తెలియాలి. బంతి ఉన్నవాడి వెనక నుంచి పరిగెత్తి తోస్తే అందదు, మీ టర్బో ఖర్చయిపోతుంది. బాస్కెట్‌కీ వాడికీ మధ్య నిలబడి, వాడు మీ మీదికి వచ్చేదాకా ఆగి తోస్తే పని అవుతుంది. పాస్ అందుకున్న క్షణం ఇంకా మంచిది, ఎందుకంటే వాడు అప్పటికి ఎటు కదలాలో తేల్చుకుని ఉండడు. ఇద్దరు మనుషులు ఒకే జట్టులో ఆడుతుంటే పని పంచుకోండి. ఒకడు ముందుకెళ్లి తొయ్యాలి, రెండోవాడు బాస్కెట్ కింద కాపలా ఉండి దొర్లిన బంతి ఏరుకోవాలి. ఇద్దరూ తొయ్యడానికే పోతే వెనక కోర్టు ఖాళీ. ఎదుటివాడు తీరిగ్గా వెళ్లి డంక్ చేస్తాడు.

టర్బో అంటే కబడ్డీలో కూత లాంటిది. ఉన్నంతసేపే మీరు మొనగాడు, అయిపోయాక ఎవడైనా పట్టేస్తాడు. అందుకే బటన్ నొక్కిపట్టి ఉంచకూడదు. బంతి తీసుకుని సగం కోర్టు దాకా మామూలుగా నడిపించి, బాస్కెట్ దగ్గరికొచ్చాక మాత్రమే వాడాలి. బటన్ వదిలితే నిండుతుంది కాబట్టి బంతి పార్ట్‌నర్‌కి ఇచ్చి ఊపిరి పీల్చుకోవడం మంచి అలవాటు. పార్ట్‌నర్‌ని కంప్యూటర్ ఆడిస్తున్నా మీ మాట వింటాడు. మీరు పాస్ నొక్కితే బంతి ఇస్తాడు, షూట్ నొక్కితే వేస్తాడు. చాలామంది ఈ రెండోది వాడరు. పార్ట్‌నర్ త్రీ పాయింట్ గీత (దీని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు షూట్ నొక్కి చూడండి, ఎన్ని పాయింట్లు వదులుకుంటున్నారో మీకే తెలుస్తుంది.

బ్లాక్ (ఎదుటివాడి షాట్‌ని గాల్లో ఆపడం) విషయంలో సమయం చూసుకోవడమే అసలు పని. షూట్ చేసేవాడి చేతిలోంచి బంతి వదిలే ముందు ఎగరాలి. బంతి కిందికి దిగుతుండగా తాకితే గోల్‌టెండింగ్, బాస్కెట్ పడినట్టే లెక్క. డెన్వర్ జట్టులో బ్లాక్‌లకి పేరుపడ్డ డికెంబే ముటోంబో ఉన్నాడు. అతనితో నేర్చుకుంటే ఈ లెక్క త్వరగా చేతికి వస్తుంది. డంక్‌ని కూడా ఆపొచ్చు గానీ ఎదురుగా, సరిగ్గా వాడు రింగు దగ్గరికొచ్చే వేళకి ఎగరాలి.

ఇప్పుడు మంట సంగతి. ఒకే ఆటగాడు వరుసగా మూడు బాస్కెట్లు వేస్తే 'ఆన్ ఫైర్' అవుతాడు. కామెంటరీ చెప్పే టిమ్ కిట్జ్‌రో గొంతు అప్పుడు వినాలి, ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. టర్బో తరగదు, ఎక్కడ నుంచి వేసినా పడేలా ఉంటుంది, గోల్‌టెండింగ్ కూడా వర్తించదు. ఎదుటి జట్టు ఒక బాస్కెట్ వేసేదాకా, లేదా అతనే ఇంకో నాలుగు వేసేదాకా ఇది నడుస్తుంది. రెండు వేసిన ఆటగాడు మీ జట్టులో ఉంటే మూడోది కూడా అతనికే ఇవ్వండి, అది కూడా దగ్గర నుంచి. మూడోదాన్ని త్రీ పాయింటర్‌గా వేసి పాడు చేసుకునేవాళ్లని ఎంతమందినో చూశాను. మంట ఎదుటి జట్టుకి అంటుకుంటే త్రీ పాయింటర్ల మాట మరిచిపోండి. మీకు కావల్సింది పాయింట్లు కాదు, ఒక్క బాస్కెట్. లోపలికి చొచ్చుకెళ్లి డంక్ చేస్తే మంట ఆరిపోతుంది.

అసలు రహస్యం ఇక్కడుంది. ఈ ఆట వెనకబడినవాడికి సాయం చేస్తుంది. మీరు బాగా ముందుంటే మీ తేలిక షాట్లు కూడా రింగుకి తగిలి బయటికొస్తాయి, ఎదుటివాడు సగం కోర్టు నుంచి విసిరినా లోపల పడుతుంది. ఇది మన అనుమానం కాదు, ఆఖరిదాకా ఉత్కంఠ ఉండాలని కావాలనే పెట్టిన ఏర్పాటు. ఆర్కేడ్ మెషీన్‌లో ఇంకో విడ్డూరం కూడా ఉండేది. టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. పిస్టన్స్‌తో పోటాపోటీగా సాగే ఆటలో చికాగో బుల్స్ చివరి క్షణం షాట్లు తప్పిపోయేలా కోడ్ రాశానని ఆయనే తర్వాత చెప్పాడు.

ఈ సాయం తెలిశాక ఆడే తీరే మారాలి. మొదటి మూడు క్వార్టర్లలో పెద్ద తేడా కోసం ఆయాసపడటం అనవసరం. నాలుగైదు పాయింట్ల అటూ ఇటూగా ఉంటూ, తొయ్యడం, బ్లాక్ చెయ్యడం మీద దృష్టి పెట్టండి. నాలుగో క్వార్టర్ చివరి నిమిషంలో లెక్క వేసుకోండి. షాట్ క్లాక్ 24 సెకన్లు, అంటే బంతి దొరికాక ఆలోపే షాట్ వెయ్యాలి. ఆఖరి బంతి మీ చేతిలో ఉండేలా చూసుకుంటే చాలు. స్కోరు సమంగా ఉండి, గడియారంలో 20 సెకన్లు ఉండి, బంతి మీదైతే వెంటనే వెయ్యకండి. తిరుగుతూ, పాస్‌లు ఇస్తూ మూడు నాలుగు సెకన్లు మిగిలాక వెళ్లండి. మా అబ్బాయికి మొదట్లో ఈ ఎదురుచూపు మహా టెన్షన్. ఇప్పుడు నా మీద వాడు గెలిచే ఆటలన్నీ ఇలాగే గెలుస్తున్నాడు. ప్రతి క్వార్టర్ చివర్లోనూ ఇదే పద్ధతి. గంట మోగబోతుంటే ఎక్కడున్నా సరే బంతి విసిరెయ్యండి, పోయేదేమీ లేదు.

ఇద్దరు సమానంగా ఆడేవాళ్లు తలపడుతుంటే మాత్రం ఆప్షన్స్‌లోకి వెళ్లి టోర్నమెంట్ మోడ్ పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. కంప్యూటర్ సాయం, కోర్టు మీద కనపడే పవర్ అప్ బొమ్మలు (తాత్కాలిక శక్తులిచ్చేవి), హాట్ స్పాట్‌లు (అక్కడ నుంచి వేస్తే ఎక్కువ పాయింట్లు వచ్చే చోట్లు) అన్నీ పోతాయి. చేతి పనితనం ఒక్కటే మిగులుతుంది. సంక్రాంతి పందేలు మా ఇంట్లో ఈ మోడ్‌లోనే. ఓడినవాడు అందరికీ కాజాలు తేవాలి.

జట్ల గురించి ఎక్కువ చెప్పను. అప్పటి ఎన్‌బీఏ జట్లు 27, అన్నీ ఉన్నాయి. ఒకడు దొంగిలించేవాడు, ఒకడు డంక్ చేసేవాడు ఉన్న జంట నాకు నచ్చుతుంది. అందుకే యూటా జాజ్ నుంచి జాన్ స్టాక్‌టన్, కార్ల్ మలోన్. త్రీ పాయింటర్లే మీ బలం అయితే ఇండియానా, అక్కడ రెజీ మిల్లర్ ఉన్నాడు. మైకేల్ జోర్డన్ కోసం వెతక్కండి, లేడు.

లోపాలు ఉన్నాయి. ఒంటరిగా ఆడితే కొన్నాళ్లకి విసుగొస్తుంది, అన్ని జట్లనీ ఓడించడం ఒకటే లక్ష్యం. ఆటగాళ్లంతా ముప్పై ఏళ్ల కిందటివాళ్లు కాబట్టి ఇప్పటి పిల్లలకి పేర్లు తెలియవు. సాయం ఆన్‌లో ఉన్నప్పుడు చివరి సెకన్లో కంప్యూటర్ వేసే షాట్లు అన్యాయంగానే ఉంటాయి, అందులో మొహమాటం లేదు. అయినా పక్కపక్కన కూర్చుని ఇద్దరు ఆడుకోవడానికి ఇంత సూటిగా, ఇంత త్వరగా పట్టుబడే స్పోర్ట్స్ గేమ్ నేను ఇంకోటి చూడలేదు. ఈఏ కంపెనీ 2010లో తెచ్చిన కొత్త ఎన్‌బీఏ జామ్ చూడ్డానికి బాగుంటుంది, కిట్జ్‌రో గొంతు అందులోనూ ఉంది. కానీ నా ఓటు దీనికే.

పాత క్యాసెట్ సంపాదించి ఆడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. మన సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి క్యాసెట్ కింద ఉండే రాగి పట్టీలు నల్లబడతాయి. నోటితో ఊదకండి, తడి తగిలి ఇంకా పాడవుతాయి. దూదికి కాస్త స్పిరిట్ అద్ది తుడిచి, ఆరాక పెట్టండి. ఇంకోటి, ఇప్పటి పల్చటి టీవీల్లో బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. ఆ చిన్న ఆలస్యానికే బ్లాక్‌లన్నీ తప్పిపోతాయి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే పెట్టుకోండి. అటక మీద పాత డబ్బా టీవీ ఉంటే అన్నిటికంటే మేలు, మేం ఇప్పటికీ దాని మీదే ఆడుతున్నాం.