వార్సాలో మూడు రోజులు: కూల్చేసిన నగరం ఎక్కడ కనిపిస్తుంది, బస ఎక్కడ మేలు

పోలండ్ రాజధాని వార్సా ఓల్డ్ టౌన్ చౌరస్తాలో రంగురంగుల ఇళ్ల ముందు ఫోటో దిగి, ఎన్ని వందల ఏళ్ల నాటివో అనుకుంటూ వచ్చేసేవాళ్లే ఎక్కువ. ఆ చౌరస్తా పూర్తయింది 1953లో. మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955లో జరిగింది. అంటే ఆ ఇళ్లది ఇంచుమించు సాగర్ డ్యాం ఈడే. హంపిలో పునాదిరాళ్లు చూసి పైన మేడను ఊహించుకుంటాం. ఇక్కడ మేడను చూస్తూ కింద బూడిదను ఊహించుకోవాలి. ఆ సంగతి తెలియకుండా వెళ్తే వార్సా ఓ మామూలు యూరప్ ఊరు, ప్రేగ్ దీనికంటే బాగుందనిపించే ఊరు.

జరిగింది క్లుప్తంగా ఇదీ. 1944 ఆగస్టు 1న జర్మన్ల మీద తిరగబడిన నగరం 63 రోజులు పోరాడి, అక్టోబర్ 2న లొంగిపోయింది. యుద్ధంలో ఇళ్లు మామూలుగా పోరు సాగుతుండగా కూలతాయి. ఇక్కడ చాలా భాగం పోరు ఆగిపోయాక కూలింది. మిగిలిన జనాన్ని ప్రుష్కూఫ్ శిబిరం మీదుగా తరిమేసి, ఖాళీ ఊళ్లో పేట తర్వాత పేట పట్టుకున్నారు. ముందు పనికొచ్చే సామానంతా రైళ్లకెక్కించారు. తర్వాత ఫ్లేమ్‌త్రోయర్లతో ఇంటింటికీ నిప్పు పెట్టారు. నిప్పుకు పైకప్పులు, అంతస్తులు పోతాయి గానీ లావుపాటి ఇటుక గోడ నిలబడే ఉంటుంది. అందుకని ముఖ్యమైన భవనాల గోడలకు రంధ్రాలు తొలిచి డైనమైట్ కూరారు. 1945 జనవరి 17న సోవియట్, పోలిష్ సేనలు వచ్చేసరికి విస్తులా నది ఎడమ ఒడ్డున దాదాపు 85 శాతం పాడుబడి ఉంది.

షోపెన్ ఎయిర్‌పోర్ట్ నుంచి 175 నంబరు బస్సు ఎక్కండి. 24 గంటల టికెట్ 15 జ్లోటీలు (పోలండ్ డబ్బు), ఒకటో జోన్‌ది చాలు. కాగితం టికెట్ కొని జేబులో పెట్టుకుంటే కుదరదు; బస్సెక్కగానే చిన్న మెషీన్‌లో దూర్చి ముద్ర వేయించాలి. కొత్తవాళ్లు ఫైన్ కట్టేది ఈ ముద్ర మరిచిపోయే.

బస్సు ఆఖరి స్టాప్ పిల్సుద్‌స్కీ చౌరస్తా. దిగగానే కనిపించేది పెద్ద ఖాళీ. సాక్సన్ ప్యాలెస్ ఉన్న చోటది, యుద్ధానికి ముందు పోలిష్ సైన్యం జనరల్ స్టాఫ్ అందులోనే పనిచేసేది. 1944 డిసెంబర్ ఆఖరు వారంలో, జర్మన్లు ఊరు వదలడానికి మూడు వారాల ముందు, దాన్ని పేల్చేశారు. స్తంభాల వరుసలో మూడు కమానులు మాత్రం మిగిలాయి; వాటి కిందే అజ్ఞాత సైనికుడి సమాధి. గంటకోసారి కాపలా మారుతుంది, ఆదివారం మధ్యాహ్నం 12కు పెద్ద కవాతు. ప్యాలెస్‌ను తిరిగి కట్టాలని 2021లో చట్టం చేశారు. ఈ ఖాళీ నిండిపోకముందే ఓసారి చూడటం మేలు.

అక్కడి నుంచి రాజకోట నడిచి పదిహేను నిమిషాలు. 1939 సెప్టెంబర్ 17న ఫిరంగి దెబ్బకు ఇది తగలబడింది. ఆ ఏడాది చివర్లోనే జర్మన్లు గోడలకు పేలుడు రంధ్రాలు తొలిచి వదిలేశారు. పేల్చింది మాత్రం 1944 సెప్టెంబర్‌లో. ఈ మధ్యలో స్తానిస్వాఫ్ లోరెంజ్ నడిపిన మ్యూజియం సిబ్బంది తలుపు చట్రాలు, చెక్కిన రాళ్లు, గోడ అలంకారాల ముక్కలు దొరికినన్ని ఊడదీసి దాచారు. 1971 నుంచి 1984 దాకా కోటను తిరిగి కడుతూ ఆ ముక్కల్ని వాటి పాత చోట్లలోనే అతికించారు. గదుల్లో బంగారు పూతను చూడటం కంటే, రంగు కాస్త వేరుగా ఉన్న రాయిని వెతుక్కుంటూ తిరిగితే టికెట్ డబ్బులు గిట్టుతాయి. కనాలెత్తో గదిలో, అదే పేరుతో పిలిచే చిత్రకారుడు బెలొత్తో గీసిన 22 వార్సా దృశ్యాలున్నాయి. ఊరిని తిరిగి కట్టినప్పుడు కొలత చిత్రాలతో పాటు వీటినీ ముందు పెట్టుకున్నారు. చిత్రకారుడు సొంతంగా చేసిన మార్పులు కూడా కొన్ని అలా గోడలకెక్కాయి! సోమవారం కోటకు సెలవు.

కోట దక్షిణం వైపు గడ్డిలో రెండు రాతి స్తంభాలు పడి ఉంటాయి. జనం వాటి మీద కూర్చుని ఐస్‌క్రీం తింటుంటారు. చౌరస్తాలో నిలబడ్డ జిగ్మంట్ రాజు స్తంభానికి ముందు తరాలవి అవి. గ్రానైట్‌ది 1944లో కూలిపోయింది. దగ్గరికెళ్లి చేత్తో తడిమితే గుండ్ల దెబ్బలు తగులుతాయి. అలాగే సెయింట్ జాన్ కెథడ్రల్ పక్కన జెకానియా సందులో తల పైకెత్తండి. ఇటుక గోడలో గొలుసులాంటి ఇనప పట్టీ ఒకటి పొదిగి ఉంటుంది. దూరం నుంచి నడిపే జర్మన్ల పేలుడు బండి చక్రాల పట్టీ అది. గైడ్లు తొందరలో దీన్ని దాటేస్తారు. బ్జోజోవా వీధిలో ఓల్డ్ టౌన్ కూల్చివేత, పునర్నిర్మాణం గురించి చిన్న మ్యూజియం ఉంది. గంటలో అయిపోతుంది, రద్దీ ఉండదు; చౌరస్తా కంటే ముందు ఇక్కడికి వెళ్లండి.

వోలా పేటలోని 1944 తిరుగుబాటు మ్యూజియం పేరుమోసింది. రెండో మెట్రో లైన్‌లో రోందో దషిన్‌స్కీయెగో స్టేషన్, మంగళవారం సెలవు. మూడు గంటలు పెట్టుకోండి. లోపల చీకటి, బాంబుల చప్పుడు, ఇరుకు, చిన్నపిల్లలతో కష్టం. 1945లో ఊరు విమానం నుంచి ఎలా ఉండేదో చూపే అయిదారు నిమిషాల త్రీడీ ప్రదర్శనే దీనికి ప్రాణం. దాని క్యూ పెరుగుతుంది కాబట్టి లోపలికి వెళ్లగానే ముందు అదే చూసేయాలి.

ఒక్క పూటే ఉందంటే మాత్రం మ్యూజియం వదిలేసి మురనూఫ్‌లో నడవండి. పైసా ఖర్చు లేదు. ఇది జర్మన్లు యూదులను నిర్బంధించిన ఘెట్టో ఉన్న పేట, 1943లో అక్కడి యూదుల తిరుగుబాటు అణచి ఇల్లు మిగలకుండా కూల్చారు. ఆ ఏడాది మే 16న పెద్ద సినగాగ్‌ను (యూదుల ప్రార్థనాలయాన్ని) పేల్చారు. యుద్ధం తర్వాత ఇక్కడి శిథిలాలను తరలించే స్తోమత లేక, ఆర్కిటెక్ట్ బోహ్దాన్ లాహెర్ట్ వాటి మీదే ఇళ్లు కట్టించాడు. ఇటుక పొడిని సిమెంటులో కలిపి పోసిన దిమ్మెలతో గోడలు లేపారు. నొవోలిప్కి చుట్టుపక్కల ఫుట్‌పాత్ నుంచి అపార్ట్‌మెంట్ గుమ్మానికి అయిదారు మెట్లెక్కాల్సి వస్తే, ఆ ఎత్తంతా కూలిన ఇళ్లదే. సినగాగ్ స్థలంలో ఇప్పుడు నీలి అద్దాల టవర్ ఉంది. దాని పక్కన యూదు చరిత్ర సంస్థ భవనం మిగిలింది. హాల్లో నేల మీద నాటి మంటల మచ్చలు అలాగే ఉంచారు. శనివారం మూసేస్తారు. ఎక్కువమంది ఆ రోజే వెళ్లి వెనక్కి తిరుగుతారు.

బస విషయం. ఓల్డ్ టౌన్ లోపల అద్దె గదులు ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ చాలా ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారు, రాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేసు చక్రాలు విరుగుతాయి, వేసవి రాత్రుళ్లు గోల. పెద్దవాళ్లతో వెళ్తే మురనూఫ్‌లో గాని, వోలాలో మెట్రో దగ్గర గాని దిగండి. ఖర్చు తగ్గాలంటే నదికి కుడి ఒడ్డున ప్రాగా. కూల్చివేత దాన్ని పెద్దగా తాకలేదు కాబట్టి యుద్ధానికి ముందు నాటి ఇటుక ఇళ్లు, లోపలి వాకిళ్లు నిజంగా చూడాలంటే జోంబ్‌కోఫ్‌స్కా వీధి ఇటే ఉంది. ద్వోజెట్స్ విలెన్‌స్కీ మెట్రో దిగితే నడక దూరం.

శాకాహారులకు బార్ మ్లెచ్నీలు (చౌక భోజన క్యాంటీన్లు) దిక్కు. ముందు కౌంటర్లో డబ్బు కట్టి రసీదు కిటికీలో ఇవ్వాలి, తిన్నాక ప్లేటు మనమే తిరిగి పెట్టాలి. బంగాళాదుంప, జున్ను నింపిన పియెరోగి రుస్కియే శాకాహారమే, కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. "బెజ్ స్క్వారెక్" (కొవ్వు ముక్కలు వద్దు) అని ముందే చెప్పండి. ఆదివారాలు ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే కొనుక్కోండి.

ఆగస్టు 1న అక్కడుంటే సాయంత్రం 5కు సైరన్లు మోగుతాయి, బస్సులు, కార్లు, మనుషులు ఓ నిమిషం ఆగిపోతారు. ఎక్కడున్నవాళ్లు అక్కడే నిలబడాలి, ఫోన్ పైకెత్తకుండా ఉంటే మర్యాద. ఆ సాయంత్రమే మొకొతూఫ్‌లోని తిరుగుబాటు గుట్ట మీద నిప్పు వెలిగిస్తారు, 63 రోజులు ఆరదు. ఆ గుట్ట మొత్తం ఊరి శిథిలాలే, లారీల్లో తెచ్చి పోసినవి. 2023లో దాన్ని పార్కుగా మార్చారు. గుట్టను కోసిన దారికి రెండు పక్కలా శిథిలాల ముక్కలు కలిపి పోసిన గోడలు ఉన్నాయి. వాటిలో ఇటుక, పెంకు ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి. మోకాళ్లు సహకరిస్తే మెట్లెక్కండి, పైన నీడ లేదు, నీళ్లు వెంట ఉండాలి.