కాసాబ్లాంకా, ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్: ఏది మేలు?

యుద్ధకాలపు పాత ప్రేమకథ ఒకటి చూడాలనుకునేవారికి నేను రెండు పేర్లు చెబుతాను. 1942లో హాలీవుడ్‌లో మైకేల్ కర్టిజ్ తీసిన ‘కాసాబ్లాంకా’ ఒకటి, 1957లో సోవియట్ యూనియన్‌లో మిఖాయిల్ కలతోజొవ్ తీసిన ‘ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ మరొకటి. రెండూ నలుపు తెలుపు చిత్రాలే, రెండూ రెండు గంటల లోపే అయిపోతాయి.

చూడడానికి తేలిక కాసాబ్లాంకాయే. మాటలు పదునుగా ఉంటాయి, కథ ఎక్కడా ఆగదు. రిక్ నడిపే కెఫేలో జర్మన్ అధికారులు తమ పాట పాడుతుంటే, నాజీలపై పోరాడే నాయకుడు విక్టర్ లాజ్లో ఫ్రెంచి జాతీయ గీతం అందుకునే ఘట్టాన్ని ఎన్నిసార్లు చూసినా నా గొంతు పూడుకుపోతుంది. అక్కడ కన్నీళ్లతో పాడే మడ్లెన్ లెబో 1940లో నిజంగానే ఫ్రాన్స్ వదిలి పారిపోయి వచ్చిన నటి. ఆ ముఖంలో నాకు నటన కనిపించదు.

అయితే ఈనాటి కళ్లతో చూస్తే కొన్ని గుచ్చుకుంటాయి. పియానో వాయించే శామ్ నడివయసు నల్లజాతి మనిషి. అతని గురించి అడుగుతూ లాజ్లో భార్య ఇల్సా ‘కుర్రవాడు’ అంటుంది. అంతకంటే పెద్ద బాధ ఇల్సా గురించే. మన అందరి కోసం నువ్వే ఆలోచించాలి అని ఆమె తన పాత ప్రియుడు రిక్‌కు నిర్ణయం అప్పగించేస్తుంది. విమానాశ్రయంలో పొగమంచు మధ్య, తాను ఎవరితో వెళ్లాలో ఆమెకు అతని నోటనే తెలుస్తుంది. రిక్ త్యాగం గొప్పదే, కానీ ఆమె బతుకును తేల్చే మాట ఆమెది కాదు.

రెండో చిత్రంలో కథ మొత్తం వెరొనికా అనే అమ్మాయిదే. యుద్ధానికి వెళ్లే ప్రియుడు బోరిస్‌ను సాగనంపడానికి ఆమె ఆలస్యంగా చేరుతుంది. జనంలో అతను ఆమెను చూడడు. ఆమె విసిరిన బిస్కెట్ల పొట్లం నేల మీద పడి, కవాతు చేస్తున్న కాళ్ల కింద నలిగిపోతుంది. వైమానిక దాడి తర్వాత తమ ఇంటి మెట్లు ఎక్కి తలుపు తీస్తే, అవతల గది ఉండదు, అమ్మానాన్నలు ఉండరు. ఆ తర్వాత బోరిస్ బంధువు మార్క్ ఆమెపై బలవంతం చేస్తాడు, ఆమె అతన్నే పెళ్లాడుతుంది. కాబోయే భార్య మరొకరిని చేసుకుందని కుమిలిపోతున్న గాయపడిన సైనికుడిని ఓదారుస్తూ, డాక్టరైన బోరిస్ తండ్రి అలాంటి ఆడవాళ్లను తిట్టిపోస్తాడు. వెరొనికా అక్కడే నిలబడి వింటుంది. సినిమా ఆమెను దోషిగా నిలబెట్టదు, దేవతనూ చేయదు. 1957 నాటికి అది ఎంత ధైర్యం! మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రానికి అత్యున్నత పురస్కారం దక్కింది.

లోపాలు లేవని కాదు. మార్క్‌ను మరీ చెడ్డవాడిగా చిత్రించారు, చివరి రైల్వేస్టేషన్ ప్రసంగం ప్రభుత్వ ప్రకటనలా వినిపిస్తుంది. అయినా ఉరుసేవ్‌స్కీ ఛాయాగ్రహణం, ముఖ్యంగా తూటా తగిలిన బోరిస్ కళ్ల ముందు బిర్చ్ చెట్లు గిర్రున తిరిగే చోటు, ఇవాళ్టికీ కొత్తగానే ఉంది.

ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే సాయంత్రమైతే కాసాబ్లాంకా పెట్టండి. ఒక్కటే చూస్తామంటే మాత్రం నేను వెరొనికా వైపే. బోరిస్ కోసం తెచ్చిన పూలను, అతను ఇక రాడని తెలిశాక, తిరిగొచ్చిన సైనికులకూ వాళ్లకోసం వచ్చినవారికీ ఆమె ఒక్కొక్కటిగా పంచుతుంది. ఆ పూలు ఎవరి చేతికి ఇవ్వాలో తేల్చేది ఆమే.